లావు అక్షరం: దాని గుణం, దాని బాధ్యత

(మంసాపురంలో జరిగిన మన ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "లావు అక్షరాల గురించి మాట్లాడతాను" అన్నాను. ఆయన నవ్వారు. "ముప్పయ్యేడేళ్ళు బ్యాంకులో లెక్కలు రాశారు, పొదుపు గురించి చెబుతారనుకున్నాను" అన్నారు. "చివరికి వచ్చేది అక్కడికేనండీ, కాస్త చుట్టు దారిలో వస్తాను" అని మాట ఇచ్చాను. మీరు ఓపిక పట్టాలి.

రాజపాళయం బస్టాండులో నిలబడి చూడండి. శ్రీవిల్లిపుత్తూరు వైపు నుంచి బస్సు మలుపు తిరగ్గానే దాని నుదుటి మీదున్న ఊరి పేరు చదివేస్తాం. అదే బస్సు లోపల కిటికీ పైన చిన్నక్షరాల్లో రాసి ఉన్న సంగతి రోజూ ప్రయాణం చేసేవాడు కూడా చదివి ఉండడు. రెండూ అక్షరాలే. ఒకటి మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. రెండోదాన్ని మనం వెతుక్కుంటూ వెళ్ళాలి. ఆ మొదటి రకం గురించే ఈరోజు నా మాటలు.

ఇంగ్లీషు అచ్చులో ఈ రకం అక్షరానికి 'స్లాబ్ సెరిఫ్' అని పేరు. పేరు చూసి భయపడనక్కరలేదు. ఇంగ్లీషు పుస్తకంలో పెద్ద 'ఐ' అక్షరం చూడండి. ఒక నిలువు గీత, దానికి పైన ఒకటి, కింద ఒకటి చిన్న అడ్డగీతలు. ఆ అడ్డగీతల్ని సెరిఫ్ అంటారు. అక్షరానికి అవి పాదాల్లాంటివి. రోమన్ల శిలాశాసనాల నుంచి వచ్చిన అలవాటు అది. మామూలు పుస్తకాల అక్షరంలో ఈ పాదం సన్నగా, కొసకు పోయేకొద్దీ తేలిపోతూ ఉంటుంది. దాన్ని నిలువు గీతతో సమానంగా లావు చేసి, కొస చదరంగా నరికితే అది స్లాబ్ సెరిఫ్. స్లాబ్ అనే మాట మనకు కొత్తది కాదు. ఇల్లు కట్టేటప్పుడు స్లాబ్ వేస్తాం కదా, అదే స్లాబ్. అక్షరం కింద కాంక్రీటు పలక పోసినట్టు ఉంటుంది కనుక ఆ పేరు.

దాని గుణం చూడగానే తెలుస్తుంది. బరువైనది. కాళ్ళు వెడల్పు చేసుకొని నేల మీద గట్టిగా నిలబడినది. సన్నం, లావు అనే తేడా దాని గీతల్లో తక్కువ. నాజూకు లేదు. దూరం నుంచి కనబడుతుంది. అచ్చు నాసిరకమైనా, కాగితం మోటుదైనా, సిరా కాస్త ఎక్కువైనా తట్టుకుంటుంది. సన్నపాదం ఉన్న అక్షరమైతే అలాంటి చోట కాళ్ళు విరిగిపోతాయి. దీన్ని పుస్తకం లోపలి పేరాలకు అంతగా వాడరు. శీర్షికకు, గోడపత్రికకు, బోర్డుకు వాడతారు. అచ్చు కొలతలో అంగుళానికి 72 పాయింట్లు. మనం చదివే పుస్తకంలో అక్షరం 10, 12 పాయింట్లుంటుంది. ఈ లావు అక్షరాలు 24, 36, 72 పాయింట్లలో తమ బలం చూపిస్తాయి.

ఇది ఎందుకు పుట్టిందో తెలుసుకుంటే దీని స్వభావం ఇంకా బాగా తెలుస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం దాకా ఐరోపాలో అచ్చు అంటే ముఖ్యంగా పుస్తకాలే. తర్వాత ఇంగ్లండులో ఫ్యాక్టరీలు వచ్చాయి. తయారైన సరుకు అమ్ముడుపోవాలి. నాటకం వాళ్ళు, గుర్రపు బండ్ల వాళ్ళు, లాటరీ వాళ్ళు గోడల మీద కాగితాలు అంటించడం మొదలుపెట్టారు. పక్కపక్కనే పది కాగితాలుంటే ఎవరిది కనబడాలి? గొంతు పెద్దగా ఉన్నవాడిదే. పుస్తకాల అక్షరానికి అంత గొంతు లేదు. 1815-17 ప్రాంతంలో లండన్‌లో విన్సెంట్ ఫిగ్గిన్స్ అనే అచ్చు అక్షరాల తయారీదారు 'ఆంటిక్' అనే పేరుతో ఈ చదరపు పాదాల అక్షరాన్ని తన నమూనా పుస్తకంలో చూపించాడు. ఇంకో పేరు 'ఈజిప్షియన్'. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీద దండెత్తిన తర్వాత ఐరోపా అంతటా ఈజిప్టు వస్తువుల మోజు పట్టుకుంది. మన దగ్గర ఆడుతున్న సినిమా పేరు చీరకు పెట్టి అమ్ముతారు కదా, అలాగే ఈ అక్షరానికి ఈజిప్టు పేరు అంటుకుంది. ఆ దేశానికీ దీనికీ అంతకు మించి చుట్టరికం లేదు.

లండన్‌లోనే రాబర్ట్ థార్న్ అనే ఆయన ఇంకా లావైన అక్షరాలు చేశాడు. 1820లో ఆయన చనిపోయాక ఆ అచ్చు అక్షరాల కార్ఖానాను విలియం థారోగుడ్ కొన్నాడు. లాటరీలో వచ్చిన డబ్బుతో కొన్నాడని చెబుతారు. లాటరీ టికెట్లు అమ్మడానికి ఈ లావు అక్షరాలే అరిచేవి. ఆ లాటరీ డబ్బే తిరిగి ఈ అక్షరాల కార్ఖానాను కొన్నది. 1821లో ఆ కార్ఖానా విడుదల చేసిన ఒక లావు అక్షరం ఆధారంగా గీసిన 'ఆల్ఫా స్లాబ్ వన్' అనే ఫాంటు ఈరోజు కంప్యూటరులో ఉచితంగా దొరుకుతుంది. మీలో కొందరు కాలేజీ పోస్టర్లకు దాన్ని వాడే ఉంటారు. రెండు వందల ఏళ్ళ వయసున్న ముఖం అది.

ఇంతవరకు అంతా అరుపుల కథే. 1845లో ఒక మంచి మలుపు వచ్చింది. అదే కార్ఖానాలో భాగస్తుడైన రాబర్ట్ బెస్లీ 'క్లారెండన్' అనే అక్షరాన్ని రిజిస్టరు చేయించాడు. ఇది లావైనదే కానీ మర్యాద తెలిసినది. మామూలు అక్షరం పక్కన, అదే వరసలో, అదే ఎత్తులో ఇమిడిపోతుంది. నిఘంటువులో మీరు వెతికే మాట లావుగా, దాని అర్థం సన్నగా ఉంటుంది చూడండి, ఆ సదుపాయానికి ఇలాంటి అక్షరమే దారి వేసింది. వేల మాటల మధ్య మనకు కావలసిన ఒక్క మాట దగ్గరికి వేలు పట్టుకొని తీసుకెళ్తుంది. గోడ మీద అమ్మడానికి పుట్టిన అక్షరం చదువుకునేవాడికి దారి చూపించింది. బెస్లీకి దాని మీద దొరికిన హక్కు మూడేళ్ళే. గడువు తీరగానే పోటీదారులందరూ అలాంటివి చేసుకున్నారు. అయినా ఆయనకు లోటు రాలేదు. 1869లో లండన్ నగరానికి లార్డ్ మేయర్ అయ్యాడు.

అమెరికాలో ఇంకో సంగతి జరిగింది. చేటంత అక్షరాన్ని సీసంతో పోతపోస్తే మోయలేని బరువు, పైగా చల్లారేటప్పుడు ముఖం సమంగా రాదు. 1827లో న్యూయార్కులో డేరియస్ వెల్స్ అనే ఆయన కొయ్య అక్షరాలను యంత్రంతో చెక్కడం మొదలుపెట్టాడు. సర్కసు, వేలం పాట, పారిపోయిన దొంగ కోసం ప్రకటన, ఇలాంటి గోడ కాగితాలన్నీ ఈ కొయ్య అక్షరాలతో నిండాయి.

ఇక మన వైపు వద్దాం. మన పక్కనే శివకాశి ఉంది. 1920లలో అక్కడ అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలైంది. అగ్గిపెట్టెకు లేబులు కావాలి, టపాకాయలకు లేబులు కావాలి. లేబుళ్ళ కోసం అచ్చు వచ్చింది, అచ్చు వెంట క్యాలెండర్లు, డైరీలు వచ్చాయి. తెలుగు దేశంలో ఎన్నో ఇళ్ళ గోడల మీద వేలాడే తెలుగు క్యాలెండర్లు శివకాశిలో అచ్చయినవే. నేను బీకాం చదివేటప్పుడు సెలవుల్లో అక్కడ ఒక చిన్న ప్రెస్సులో బిల్లులు రాసే పనికి వెళ్ళేవాణ్ణి. అప్పటికింకా ట్రెడిల్ మిషన్లు, కంపోజింగ్ కేసులు ఉండేవి. అక్కడి కంపోజిటరు ఒకాయన నాకు నేర్పిన పాఠం బీకాం పుస్తకాల్లో లేదు.

ఒకరోజు ఒక జవుళి కొట్టు యజమాని నోటీసు వేయించడానికి వచ్చాడు. ప్రతి వరసా లావు అక్షరంలోనే ఉండాలని పట్టుబట్టాడు. డబ్బు ఇస్తున్నది తానే కదా అన్నాడు. కంపోజిటరు ఎదురు చెప్పలేదు. అడిగినట్టే పేర్చి, ప్రూఫు తీసి, గోడకు అంటించి, ఆయన్ని పది అడుగులు వెనక్కు నడిపించాడు. "ఇప్పుడు చదవండి, ఏం కనబడుతోంది?" అన్నాడు. ఆయన కాసేపు చూసి, "నల్లగా ఉంది" అన్నాడు. అంతే. తర్వాత కంపోజిటరు తేదీ, కొట్టు ఉన్న వీధి, 'తగ్గింపు' అన్న ఒక్క మాట లావు అక్షరాల్లో ఉంచి, మిగతాదంతా మామూలు అక్షరాల్లోకి మార్చాడు. మళ్ళీ పది అడుగులు. ఈసారి మూడూ చదివాడు. కాగితం అదే, సిరా అదే.

ఆ పది అడుగుల పరీక్ష నేను ఈనాటికీ వదల్లేదు. పిల్లలూ, మీరు కాలేజీలో పోస్టరు చేసినా, ప్రాజెక్టు రిపోర్టుకు అట్ట వేసినా, గోడకు అంటించి పది అడుగులు నడవండి. ఏది చదవగలిగారో అదే మీరు చెప్పినది. మిగతాది మీరు చెప్పలేదు.

లావు పాదాల అక్షరాన్ని నేను చేత్తో ఎరిగింది మాత్రం టైపు ఇన్‌స్టిట్యూటులో. మా తరంలో లోయరు, హయ్యరు పాసు కాకుండా ఉద్యోగం మాటే లేదు. టైపు మిషను అక్షరాలకు ఆ లావు పాదాలు ఎందుకో తెలుసా? ఆ మిషనులో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు చోటు. 'ఎం' అక్షరానికి ఎంత చోటో, సన్నటి చిన్న 'ఐ'కి కూడా అంతే. ఐ అటూ ఇటూ ఖాళీగా మిగిలిపోతుంది. అందుకని దానికి వెడల్పాటి పాదాలు తొడిగి చోటు నింపారు. 1955లో ఐబీఎం టైపు మిషన్ల కోసం హోవర్డ్ కెట్లర్ చేసిన 'కొరియర్' అలాంటిదే. ఇప్పటి కంప్యూటర్లలో కూడా ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ కుటుంబం మళ్ళీ కొత్త బట్టలు కట్టింది. 1929లో జర్మనీలో 'మెంఫిస్', 1934లో ఇంగ్లండులో 'రాక్‌వెల్' వచ్చాయి. ఐబీఎం కంపెనీ పేరులో, సోనీ కంపెనీ పేరులో మీరు చూసేది ఆ చదరపు పాదాలే. గట్టిది, నమ్మదగినది, లోహంతో చేసినది అన్న భావం అది కలిగిస్తుంది. ఈ 'నమ్మదగినది' అన్న మాట గుర్తుంచుకోండి. తర్వాత దాని దగ్గరికే వస్తాను.

మరి మన తెలుగు అక్షరానికి ఈ పాదాలు ఉన్నాయా? లేవు. మనది గుండ్రటి లిపి. తాటాకు మీద గంటంతో అడ్డగీత గట్టిగా గీస్తే ఆకు చీలుతుంది, అందుకే మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని పెద్దలు చెబుతారు. మన అక్షరానికి పాదం బదులు నెత్తిన తలకట్టు ఉంటుంది. కింద వత్తులు వేలాడతాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం చూడండి, మేడ మీద మేడ. తమిళంలో ప, ట, మ లాంటి అక్షరాలకు నిటారు గీతలు, మూలలు ఉన్నాయి, లావు చేసినా నిలబడతాయి. తెలుగు అక్షరాన్ని అలా లావు చేస్తే గీత లోపలికి పెరుగుతుంది, కడుపులో ఖాళీ పూడిపోతుంది. 'థ' లోపలి చుక్క పూడితే అది 'ధ' లాగా కనబడుతుంది. కథ కాస్తా కధ అవుతుంది. 'ధ' కింది చిన్న గీత కలిసిపోతే ధర కాస్తా దర అవుతుంది. కనుక తెలుగులో లావు అక్షరం గీయడం ఇంగ్లీషులో కన్నా కష్టమైన పని. ఎక్కడ కండ పెంచాలో, ఎక్కడ ఊపిరాడనివ్వాలో తెలిసినవాడే గీయగలడు.

సంతోషమేమిటంటే ఆ పని తెలిసినవాళ్ళు ఉన్నారు. గుత్తుల పురుషోత్ కుమార్ గారు గీయగా సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో 'రామభద్ర' ఒకటి. శీర్షికలకు, గోడపత్రికలకు తగిన లావు అక్షరం. రాయలవారి అష్టదిగ్గజాలలో ఒకరైన అయ్యలరాజు రామభద్రుడి పేరు దానికి పెట్టారు. పెద్దన, తిమ్మన, ధూర్జటి పేర్లతోనూ ఫాంట్లు ఉన్నాయి. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి నడిచివచ్చిన కుటుంబాలు మనవని మన ఇళ్ళలో చెప్పుకుంటాం. ఆ కాలపు కవి పేరు ఇప్పుడు మన సెల్‌ఫోనులో అక్షరంగా కనబడుతోంది.

ఇంకొకటి చెబితే పిల్లలు నవ్వుతారు. ఎక్ టైప్ అనే మన దేశపు సంస్థ 'బాలూ' అనే గుండ్రటి లావు అక్షరాన్ని అనేక భారతీయ లిపుల్లో చేసింది. ఒక్కో లిపికీ ఒక్కో చుట్టరికం పేరు. తెలుగు దానికి 'బాలూ తమ్ముడు', తమిళ దానికి 'బాలూ తంబి', మలయాళం దానికి 'బాలూ చేట్టన్'. ఇంట్లో తమ్ముడూ అని పిలిచి, గడప దాటగానే తంబీ అని పిలిచే మనలాంటి వాళ్ళకు ఇంతకన్నా తగిన అక్షరం ఏముంటుంది? బడిలో మన పిల్లలు తమిళం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు నోట్లో ఉంది, కంటికి లేదు. మా అవ్వ నాకు తెలుగు అక్షరాలు పెద్ద బాలశిక్ష నుంచి నేర్పింది. అందులో అక్షరాలు పెద్దవి, చుట్టూ ఖాళీ ఎక్కువ, వేలు పెట్టి దిద్దడానికి వీలుగా ఉండేవి. పిల్లవాడి కంటికి లిపిని పరిచయం చేయాలంటే పెద్దగా, స్పష్టంగా ఉన్న అక్షరమే తలుపు తీస్తుంది. మీ ఇంటి తలుపు మీద మీ ఇంటిపేరు ఒక్కటి అలా తెలుగులో రాసి పెట్టండి. ఖర్చు లేని పని.

ఇప్పటిదాకా ఆ అక్షరం మంచి చెప్పాను. ఇప్పుడు నా తప్పు చెబుతాను.

నాది చక్కటి దస్తూరి అని బ్యాంకులో పేరుండేది. బ్రష్షుతో లావు అక్షరాలు రాయగలను. అందుకని బ్రాంచి బయట బోర్డు మీద ఏ ప్రకటన రాయాలన్నా నన్నే పిలిచేవారు. 1990లో కేంద్ర ప్రభుత్వం రైతుల రుణమాఫీ పథకం తెచ్చింది. పది వేల రూపాయల దాకా మాఫీ. అయితే అందరికీ కాదు. 2-10-1989 నాటికి గడువు దాటి బాకీ పడిన మొత్తానికే అది వర్తిస్తుంది. శక్తి ఉండి కట్టని వాళ్ళకు వర్తించదు. ఇంకా కొన్ని షరతులున్నాయి. నేను బోర్డు మీద తమిళంలో, ఇటుకలు పేర్చినట్టు లావైన అక్షరాలతో, 'రూ. 10,000 వరకు కడన్ తళ్ళుబడి' అని రాశాను. ఎంత బాగా వచ్చిందో అని వీధి అవతలికి వెళ్ళి చూసుకొని మురిసిపోయాను. షరతులన్నీ మిగిలిన చోట కింద సన్నగా రాశాను. పది అడుగుల పరీక్ష నేర్చుకున్నవాణ్ణే. ఆరోజు అది గుర్తుకు రాలేదు.

మన భాష మాట్లాడే పెద్దాయన ఒకరు, ఆరు వేలు పంట అప్పు ఉన్నవాడు, ఆ బోర్డు చూశాడు. ఆయన వాయిదా గడువు 1990 మార్చిలో. అంటే 1989 అక్టోబరు నాటికి ఆయనకు బాకీ లేదు. సక్రమంగా కట్టే మనిషి కనుకనే ఆయనకు మాఫీ రాదు. ఆ సంగతి తెలియక, మాఫీ అయిపోయిందనుకొని కట్టడం మానేశాడు. 1992లో ఆయనకు నోటీసు వెళ్ళింది. నోటీసు పట్టుకొని నా కౌంటరు దగ్గరికే వచ్చాడు.

"తాతా, మీకు మాఫీ వర్తించదు, బోర్డు మీద కింద రాసే ఉంది కదా" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "ఏం అబ్బాయీ, అంత లావుగా రాసి పెట్టినారే, మా మనవడు చదివి చెప్పినాడు. కింద చీమల బారు మాదిరి ఉన్నది ఏందో వాడు చదవలేదు. ముఖ్యమైనదైతే మీరు దాన్నే లావుగా రాసుందురు గదా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అసలు, రెండేళ్ళ వడ్డీ, దాని మీద అపరాధ వడ్డీ కట్టాలి. వారం తర్వాత ఆయన భార్య కమ్మలు తెచ్చి మా దగ్గరే కుదువ పెట్టాడు. ఆ నగల రుణం చీటీ రాసింది కూడా నేనే. బోర్డు రాసిన చేయే. చట్టం ప్రకారం బ్యాంకు తప్పు లేదు. షరతు రాసే ఉంది. కానీ రాసి ఉండటం వేరు, కనబడటం వేరు.

ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇదే. లావు అక్షరం నమ్మకం కలిగిస్తుంది. పెద్దగా రాశారంటే ఖాయమైన మాటే అయి ఉంటుందని చదువు తక్కువైన మనిషి అనుకుంటాడు. చదువుకున్నవాళ్ళమూ అలాగే అనుకుంటాం, ఒప్పుకోం అంతే. ఆనాటి నుంచి రిటైరయ్యేదాకా నేను రాసిన ప్రతి బోర్డులో ఒక పద్ధతి పాటించాను. లాభం ఎంత పెద్ద అక్షరమో షరతు అంతే పెద్ద అక్షరం. చోటు చాలకపోతే లాభాన్ని తగ్గించాను. ఒక మేనేజరుగారు "ఇలా రాస్తే ఎవరొస్తారయ్యా" అన్నారు. "వచ్చినవాళ్ళు తిరిగి గొడవకు రారు సార్" అన్నాను.

ఇప్పుడు చట్టాలు కూడా ఈ దారికి వస్తున్నాయి. క్రెడిట్ కార్డుల ముఖ్యమైన షరతులు విడిగా ఇవ్వాలని, అక్షరం ఏరియల్ 12 పాయింట్లకు తగ్గకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. సిగరెట్ పెట్టె మీద 85 శాతం చోటు హెచ్చరికకే ఇవ్వాలని 2016 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరైన కొత్త వ్యక్తిగత అప్పులకు, చిన్న పరిశ్రమల అప్పులకు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం బ్యాంకు ఇచ్చి తీరాలి. అందులో అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది వడ్డీ శాతం, మొత్తం కట్టవలసినది ఉంటాయి. తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. మీరు అడిగి తీసుకోండి.

మీలో చాలామంది రేపు విద్యారుణానికి వెళ్తారు. ప్రకటనలో లావుగా ఉండేది ఏమిటి? 'చదువు అయ్యేదాకా, ఆపైన ఒక ఏడాది కట్టనక్కరలేదు'. నిజమే. సన్నగా ఉండేది ఏమిటి? ఆ కాలమంతా వడ్డీ నడుస్తుందన్నది. లెక్క వేసి చూపిస్తాను. నాలుగేళ్ళ కోర్సు, ఏటా మొదట్లో లక్ష చొప్పున తీసుకున్నారు, ఉదాహరణకు 10 శాతం సాధారణ వడ్డీ అనుకుందాం. మొదటి లక్షకు ఐదేళ్ళ వడ్డీ 50,000. రెండో లక్షకు 40,000, మూడోదానికి 30,000, నాలుగోదానికి 20,000. మొత్తం 1,40,000. కట్టడం మొదలుపెట్టే రోజున మీ బాకీ నాలుగు లక్షలు కాదు, 5,40,000. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. చదువుకు అప్పు చేయవచ్చు, చేయాలి కూడా. వీలైతే చదివేటప్పుడే ఆ వడ్డీ నెలనెలా కొంత కట్టండి. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకు కేంద్రం వడ్డీ రాయితీ ఉంది, అర్హత ఉందేమో బ్యాంకులో విడిగా అడగండి. ఏ కాగితం వచ్చినా లావు అక్షరాన్ని చివర చదవండి, సన్నక్షరాన్ని ముందు చదవండి. అర్థం కాని చోట పెన్సిలుతో గీత గీసి, సంతకానికి ముందే అడగండి.

చివరిగా మన ఇంటి సంగతి. కిందటి ఏడు ఒక అమ్మాయి దరఖాస్తు పట్టుకొని మా ఇంటికి వచ్చింది. మార్కులు మంచివి. తండ్రి మిల్లులో కూలి. గడువు దాటి నాలుగు రోజులైంది. "తాతా, చివరి తేదీ ఎక్కడ వేశారో నాకు కనబళ్ళేదు" అంది. మన బులెటిన్ తీసి చూశాను. దాతల పేర్లు లావు అక్షరాల్లో నిండు పేజీ. చివరి తేదీ నాలుగో పేజీ అడుగున, సన్నగా. ముప్పై ఏళ్ళ కిందటి బోర్డు మళ్ళీ నా ఎదురుగా నిలబడినట్టయింది. ప్రూఫు దిద్దిన నలుగురిలో నేనూ ఒకణ్ణి. కనుక ఆ తప్పులో నాకూ పాలుంది. గడువు గడువే అని ఆ ఏడు ఆ అమ్మాయికి ఇవ్వలేకపోయాం.

ఈ మాట కమిటీలో చెప్పాను. దాతలు పెద్ద మనసున్నవాళ్ళు. "మా పేర్లు సన్నగా వేసినా మా డబ్బు సన్నబడదు, తేదీని లావుగా వేయండి" అని వాళ్ళే అన్నారు. ఈసారి బులెటిన్ మొదటి పేజీ చూడండి. చివరి తేదీ, జతపరచవలసిన కాగితాలు, ఎక్కడ ఇవ్వాలి, ఈ మూడే లావు అక్షరాల్లో ఉన్నాయి. అచ్చుకు ఇచ్చేముందు గోడకు అంటించి పది అడుగులు వెనక్కు నడిచి చూశాం. మూడూ కనబడ్డాయి. ఆ అమ్మాయి ఈసారి సమయానికి దరఖాస్తు పెట్టింది. ఈరోజు ఈ సభలోనే కూర్చొని ఉంది. పేరు చెప్పను, తనకు ఇబ్బంది.